తోడు పెండ్లికొడుకు

పసుపు ఉడుకుతున్నప్పుడు వచ్చే వాసన ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు చెప్పడం ఇన్నేళ్లయినా నాకు చేతకాలేదు. తడిమట్టి వాసన అందామంటే అందులో ఒక తీపి ఉంటుంది. తీపి అందామంటే గొంతు వెనక చిన్న చేదు తగులుతుంది. శివరాత్రి దగ్గర పడుతుందనగా ఆర్మూరు చుట్టుపక్కల పల్లెల్లో కడాయిల కింద మంట పెడతారు. ఆ ఆవిరి పొలాల మీదుగా పాకి, అంగడి దాటి, గుట్ట మీది నల్లరాళ్ల సందుల్లోకి దూరి, మా వీధి దాకా వస్తుంది. ఇప్పుడు నా ముక్కు మునుపటిలా పనిచేయదు. అయినా పొద్దున కళ్లు తెరవకముందే ఆ వాసన తగిలిందంటే నాకు ఇరవై రెండేళ్లు వచ్చేస్తాయి. కళ్లజోడు కోసం చేయి తడుముకునేదాకా ఆ వయసులోనే ఉంటాను.

మొన్న అలాంటి ఒక ఆదివారం పొద్దున మా అక్క కొడుకు శేఖర్ తన కొడుకు వరుణ్‌ను బండి మీద ఎక్కించుకుని నా ఇంటికి వచ్చాడు. శేఖర్‌ది నందిపేట్ వైపు పసుపు వ్యవసాయం. వరుణ్‌కు ఇరవై నాలుగేళ్లు, హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాడు. పిల్లవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, శేఖర్ నన్ను వంటింట్లోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశాడు.

"మామా, వీడు పెండ్లి వద్దంటుండు."

"వద్దంటె ఆగుర్రి. గిప్పుడేం తొందర?"

"గట్ల వద్దనుడు కాదు. ఆడివిల్లల మీద మనసే లేదంట. మొగోళ్ల మీదనే ఉన్నదంట. నా మొకం మీదనే చెప్పిండు, వాళ్లమ్మ ముందట." ఫోను తీసి, ఎవరో తెల్లకోటు వేసుకున్నాయన మాట్లాడుతున్న వీడియో నాకు చూపించాడు. "గీ డాక్టర్ సాబ్ ఏమంటుండో సూడు. పెండ్లి చేస్తె సెట్ అయితదంట. నేను చెప్తె వింటలేడు. నువ్వు గన్ని బుక్కులు చదివినోనివి. నువ్వు చెప్తె వింటడు. భీమ్‌గల్ల పిల్ల తరఫోళ్లు జవాబు అడుగుతున్నరు. నాలుగు గంటలకు వస్త, వాన్ని ఒప్పించి పెట్టు."

బండి చప్పుడు మలుపు తిరిగిపోయింది. నేను అరుగు మీదికి వచ్చేసరికి వరుణ్ తల వంచుకుని బూట్ల లేసులు విప్పుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉన్నాడు.

"నువ్వు గూడ గదే చెప్తవా తాతా?"

"మొదలు చాయ్ తాగు" అన్నాను. వీడియోలో ఆ డాక్టరు చెప్పిన మాటే రాసి ఉన్న కాగితం ఒకటి నా బీరువాలో, పాత నిఘంటువు అట్టలో ఉంది. అందులోని చేతిరాత నాదే.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. నాయన పోయిన ఏడాది అది. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చేసేది. నేను సీజన్‌లో పసుపు కల్లాల్లో కూలికి పోయేవాణ్ణి, మిగతా రోజుల్లో ఒక బైండింగ్ దుకాణంలో రిజిస్టర్లకు అట్టలు కట్టేవాణ్ణి. ఆ మైదా జిగురు పట్టిన వేళ్లతోనే మా ఊరి శాఖా గ్రంథాలయంలోని పుస్తకాల్లో మూడొంతులు చదివానని చెప్పుకోవడానికి నాకు ఈ వయసులోనూ సిగ్గు లేదు. చరిత్ర చదివాను, నక్షత్రాల గురించి చదివాను, తేనెటీగల పెంపకం మీద రెండు పుస్తకాలు చదివాను. మా వాడకట్టులో ఎవరికి ఏ సందేహం వచ్చినా "నర్సిగాన్ని అడుగుర్రి" అనేవాళ్లు. ఆ మాట వినడం కోసమే కొన్ని పుస్తకాలు చదివానేమో కూడా.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నలుగురైదుగురు ఆడవాళ్లు తమ చాటలు తీసుకుని మా ఇంట్లోకి వచ్చేవాళ్లు. తడిపిన తునికాకు వాసన, పొగాకు ఘాటు, కత్తెర చప్పుడు. నేను గడప మీద కూర్చుని లైబ్రరీ నవల పైకి చదివేవాణ్ణి. కథలో నాయికకు కష్టం వచ్చిన చోట అందరి వేళ్లూ నెమ్మదించేవి. "జర జల్ది సదువు నర్సిగా, దాని ఏడుపు అయిపోవాలె. కట్టలు తక్కువ పడుతున్నయ్" అని అవ్వ అదిలించేది. అందరూ నవ్వేవాళ్లు, కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే. నాకూ కళ్లు చెమ్మగిల్లేవి. ప్రతి నవలలోనూ ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అబ్బాయి మాటలు చదువుతున్నప్పుడు నేను వినేవాణ్ణి. అమ్మాయి మాటలు వచ్చినప్పుడు అవి నా నోట ఎంత సులువుగా పలికేవంటే, చదవడం ఆపి ఒకసారి చుట్టూ చూసుకునేవాణ్ణి, ఎవరైనా గమనించారేమోనని. ఎవరూ గమనించేవాళ్లు కాదు. అవ్వ మాత్రం దారం చుడుతూ చుడుతూ నా వైపు చూసేది, మళ్లీ చాటలోకి తల దించుకునేది.

ఇప్పుడు గంగారాం గురించి రాయాలి. అది అతని అసలు పేరు కాదు. అతని భార్యను సాయమ్మ అని రాస్తున్నాను, అదీ మార్చిన పేరే. రాయనా అని అతన్ని అడిగాను. "పేర్లు మార్చి రాయి. గా వాన ముచ్చట మాత్రం మార్చకు" అన్నాడు.

కాబట్టి వాన జరిగింది జరిగినట్టే రాస్తాను. గంగారాం వాళ్లు పసుపు ఎండబోసే చోటు గుట్ట కింద ఉన్న పెద్ద పరుపుబండ. ఉడికిన కొమ్ములు దాని మీద పోసి పదిహేను రోజులు ఎండనివ్వాలి. రోజుకు రెండు మూడుసార్లు కాళ్లతో కలియబెట్టాలి. మేకలను అదిలించాలి, మబ్బును చూసుకోవాలి. కొమ్ము ఎండిందో లేదో చేత్తో విరిచి, ఆ విరిగిన చప్పుడును బట్టి చెప్పేవాడు గంగారాం. నాకంటే ఒక ఏడాది పెద్ద. పెద్దగా మాట్లాడేవాడు కాదు. నేను తేనెటీగల గురించి చెబుతుంటే గంటసేపు విని, చివర "మరి రాణి ఈగకు దోస్తులు ఉండరా?" అని అడిగేవాడు. ఏ పుస్తకంలోనూ దానికి జవాబు దొరకలేదు నాకు.

నా ఇరవై రెండో ఏట, కొమ్ములు సగం ఎండి ఉండగా, నడి మధ్యాహ్నం, గుట్ట వెనక నుంచి ఒక మబ్బు లేచింది. ఇద్దరమే ఉన్నాం. గోనెసంచులు తెచ్చేలోపే గాలి మొదలైంది. చేతులతో, కాళ్లతో, మోకాళ్లతో కుప్ప చేశాం, తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, లాగి కప్పాం. గాలికి అది లేచిపోతోంది. రాళ్లు దొరక్క ఇద్దరం చెరో అంచు కింద దూరి, మా బరువుతోనే దాన్ని అదిమిపట్టి పడుకున్నాం. వాన పడింది. తాటిపత్రి మీద చినుకుల మోత, లోపల పసుపు వెచ్చదనం, పచ్చటి చీకటి. అతని చేయి నా చేతిని వెతుక్కుంటూ వచ్చిందో, నాదే వెళ్లిందో ఇప్పుడు చెప్పలేను. వాన ఎంతసేపు పడిందో కూడా నాకు తెలియదు. పావుగంటేనని గంగారాం అంటాడు. నా లెక్కలో అది చాలా పెద్ద వాన. వెలిసి బయటికి వచ్చేసరికి బండ మీది గుంటల్లో నీళ్లు పసుపుపచ్చగా నిలిచి ఉన్నాయి. గుట్ట రాళ్లు నల్లగా మెరుస్తున్నాయి. మా ఇద్దరి ముఖాలు, మెడలు, చొక్కాలు అంతా పసుపు. "ఇంట్ల ఏమంటరో" అన్నాను. "కల్లంల పన్జేసినం, ఏమంటరు?" అన్నాడు. నిజమే, ఎవరూ ఏమీ అనలేదు. అవ్వ చొక్కా చూసి "సబ్బు పెట్టకు, ఎర్రగైతది. ఎండకెయ్యి, అదే పోతది" అంది. పసుపు మరక సంగతి అంతే. ఎంత ఉతికినా పోనిది ఎండలో నాలుగు రోజులుంటే దానంతటదే వెలిసిపోతుంది.

ఆ తర్వాత రెండేళ్లు ఆ బండే మా ఇల్లు. కొమ్ములు కలియబెట్టి, రాతి నీడలో పడుకుని నేను చదివేవాణ్ణి, అతను వినేవాడు. మధ్యలో నిద్రపోయేవాడు, నేను చదువుతూనే ఉండేవాణ్ణి. మాకున్నది ఏమిటో చెప్పడానికి మా ఇద్దరి దగ్గరా పేరు లేదు. నాకు పేరు కావాలి, పుస్తకాలవాణ్ణి కదా. లైబ్రరీలోని పెద్ద నిఘంటువులో వెతికాను. దొరికిన ఒకటి రెండు మాటలు తిట్లలా ఉన్నాయి. న్యాయశాస్త్రం పుస్తకంలో వెతికితే అది నేరమని ఉంది. నేను ఆ పేజీ మూసి, ఎవరైనా చూశారేమోనని తేనెటీగల పుస్తకం దాని మీద పెట్టాను.

మా లైబ్రరీ సారు కరీంనగర్ వైపు మనిషి. యాభై ఏళ్లుంటాయి, పెళ్లి కాలేదు, ఇస్త్రీ మడత చెడని తెల్లచొక్కా. లైబ్రరీకి శుక్రవారం సెలవు. ప్రతి శుక్రవారం నిజామాబాద్ బస్సులో ఆయన స్నేహితుడు ఒకాయన వచ్చేవాడు. ఇద్దరూ ఒకే గొడుగు కింద గుట్ట ఎక్కి, పొద్దుగూకే ముందు దిగేవాళ్లు. "లైబ్రరీ సారు సుట్టం" అనేవాళ్లు ఊళ్లో. ఏం చుట్టమో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అన్నీ చదివేవాణ్ణి, కళ్లెదుట ఉన్నది మాత్రం చదవలేదు.

గంగారాం ఇంట్లో పెండ్లి మాటలు మొదలయ్యాయి. మెండోర సంబంధం, పిల్ల పేరు సాయమ్మ. నెల రోజులు అతను అన్నం సరిగా తినలేదు. ఒకరోజు బండ మీద నా ఎదురుగా కూర్చుని, కొమ్ము ఒకటి విరుస్తూ అడిగాడు.

"నువ్వు చెప్పు నర్సీ. నువ్వు చదివినోనివి. పెండ్లి చేస్కుంటె గిది పోతదా?"

నాకు తెలియదని చెప్పాల్సింది. అంత చిన్నమాట నా నోట రాలేదు. తెలియదు అనడం నాకు అలవాటు లేదు. వెతికి చెబుతానన్నాను. వారం రోజులు లైబ్రరీలో పాత వారపత్రికల కట్టలు విప్పాను. చివరికి ఒక పత్రికలో, పాఠకుల ఆరోగ్య సందేహాలకు జవాబులిచ్చే పేజీలో, దొరికింది. ఎవరో పేరు చెప్పని యువకుడు అచ్చం మాలాంటి సంగతే రాశాడు. అది చదువుతుంటే నా చెవులు మోగాయి. ఈ లోకంలో మూడోవాడు ఒకడు ఉన్నాడు! కింద డాక్టరుగారి జవాబు. ఇది వయసు వల్ల వచ్చే చాంచల్యమని, భయపడవద్దని, పెళ్లయితే దానంతటదే పోతుందని. నేను ఒక తెల్లకాగితం అడుక్కుని, ప్రశ్ననూ జవాబునూ గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను.

లైబ్రరీ సారు వచ్చి నా వెనక నిలబడ్డాడని ఆలస్యంగా చూశాను. ఆ పేజీ చూశాడు, నా కాగితం చూశాడు.

"నర్సయ్యా, అచ్చులో ఉన్నదల్లా నిజం కాదు, రాసినవాడికి తెలిసినంతే అది" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, పక్కబల్ల మీద చెదరని పత్రికలనే మళ్లీ సర్ది, "ఎవరికైనా ఇచ్చే ముందు ఒకసారి ఆలోచించు" అని తన కుర్చీలోకి వెళ్లిపోయాడు.

పత్రిక పేజీ చింపుకుపోతానేమోనని ఆయన అనుమానమనుకున్నాను. మనసులో కోపం కూడా వచ్చింది. ఆయన ఆ రోజు ఎంత దూరం నడిచి వచ్చి ఆ రెండు వాక్యాలు చెప్పాడో, మూడో వాక్యం చెప్పడానికి ఎంత భయపడ్డాడో తెలియడానికి నాకు ఆయన వయసు రావలసి వచ్చింది.

కాగితం గంగారాం చేతిలో పెట్టాను. అతను కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. వేళ్ల పసుపు అంచులకు అంటింది.

"అచ్చయిందా ఇది?"

"అచ్చయింది. డాక్టర్ రాసిండు."

"మరి నీది?"

"నాది గూడ పోతదేమో. మొదలు నీది పోనియ్."

అతను నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ సాయంత్రమే ఇంట్లో సరేనన్నాడు. నేనెందుకు ఇచ్చానని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అతను మాట పడకూడదనుకున్నాను, అది నిజం. నేను చెప్పింది అచ్చులో దొరికిందన్న గర్వం కూడా ఉంది, అదీ నిజమే.

పెండ్లికొడుకును చేసేటప్పుడు పక్కన ఇంకో పీట వేసి తోడు పెండ్లికొడుకును కూర్చోబెడతారు మా వైపు. పెళ్లి కానివాడై ఉండాలి. తమ్ముడో, బామ్మర్దో, ఎవరూ లేకపోతే దోస్తో. పెండ్లికొడుకుకు ఏం చేస్తే వాడికీ అదే చేస్తారు, అదే పసుపు, అదే నూనె, అవే నీళ్లు. గంగారాంకు తమ్ముళ్లు లేరు. మేనమామ కొడుకును పిలుద్దామన్నారు. "నర్సిగాడే కూసుంటడు" అన్నాడు గంగారాం. పట్టుబట్టి అతను అడిగింది పెళ్లంతటిలో ఆ ఒక్కటే.

కూర్చున్నాను. పచ్చటి పందిరి కింద రెండు పీటలు. మేం బండ మీద ఎండబోసిన పసుపే అది, దంచి, నూనెలో కలిపి, ఇత్తడి గిన్నెలో ఉంది. గంగారాం తల్లి మొదట కొడుకు చెంపలకు పెట్టింది, అవే వేళ్లతో నా చెంపలకు పెట్టింది. తర్వాత మేనత్తలు, వదినలు, వాడకట్టు ఆడవాళ్లు, మా అవ్వ. అందరూ వరసగా అతనికీ నాకూ, అతనికీ నాకూ. "పెండ్లికొడుకు కంటె తోడు పెండ్లికొడుకే ఎక్కువ సిగ్గు పడుతుండు సూడుర్రే!" అని ఒకామె అంటే పందిరంతా నవ్వింది. "పరేషాన్ గాకు నర్సిగా, వచ్చే ఏడు నీకే పెడ్తం" అంది ఇంకొకామె. గంగారాం మోకాలు నా మోకాలికి ఆని ఉంది. తీయలేదు. పాటలు పాడుతున్నారు, నీళ్లు పోస్తున్నారు, ఎవరో అక్షింతలు చల్లుతున్నారు. కళ్లు మూసుకున్నాను. మళ్లీ తాటిపత్రి కింద ఉన్నట్టే ఉంది, అదే వెచ్చదనం, అదే వాసన. ఊరంతా కలిసి మా ఇద్దరినీ దీవిస్తున్నట్టు, ఆ సంగతి మాత్రం ఊరివాళ్లకే తెలియనట్టు. ఆ గంటసేపు నేను నిజంగా సంతోషంగా ఉన్నాను. అది కూడా రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. నాకు జీవితంలో ఎవరైనా పెట్టిన పెండ్లి పసుపు అదొక్కటే.

ఏడాది తిరక్కముందే గంగారాం దుబాయ్ పోయాడు. మా దిక్కు నుంచి పోయేవాళ్లంతా పని కోసమే పోతారు కాబట్టి అతనెందుకు పోయాడని ఎవరూ అడగలేదు. సాయమ్మకు చదువు రాదు. ఉత్తరం వచ్చినప్పుడల్లా కొంగు చాటున పట్టుకుని మా ఇంటికి వచ్చేది. నన్ను అన్నా అని పిలిచేది. నేను గడప మీద కూర్చుని, నవల చదివినట్టే, పైకి చదివేవాణ్ణి. ముందు సాయమ్మకు క్షేమసమాచారం. పిల్ల పుట్టాక పిల్లకు ముద్దులు. ఆ తర్వాత బండ మీద ఈసారి పసుపు ఎవరు పోశారు, మబ్బు ఏమైనా పట్టిందా, లైబ్రరీకి కొత్త పుస్తకాలు వచ్చాయా, గీడ ఇసుక తప్ప ఏం లేదు, వాన వాసన మరిచిపోయిన. అక్కడికి వచ్చేసరికి చదవడం ఆపి, దగ్గి, మంచినీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఉత్తరం అయిపోయాక కూడా సాయమ్మ లేవలేదు. కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, నెమ్మదిగా, ఏ కోపమూ లేకుండా అడిగింది.

"నర్సన్నా, గీ ఉత్తరం నాకు రాసిండా, నీకు రాసిండా?"

"నీకే సాయమ్మా. నీ పేరు మీదనే ఉంది గద."

"పేరు నాదే" అంది. ఉత్తరం తీసుకుని మడిచి వెళ్లిపోయింది. తర్వాత నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. కూతురు బడికి పోవడం మొదలుపెట్టాక, ఆ పిల్ల పలక మీదే తానూ అక్షరాలు దిద్దుకుని, తన ఉత్తరాలు తానే చదువుకుంది. ఆమె మీద నాకున్న గౌరవం ఈ ఊళ్లో ఇంకెవరి మీదా లేదు. ఆమెకు జరిగిన అన్యాయానికి కారణం నా గుండ్రటి అక్షరాలు.

అప్పటిదాకా అవ్వ నా పెండ్లి కోసం చెప్పులరిగేలా తిరుగుతోంది. నేను ఒక్కో సంబంధానికి ఒక్కో వంక చెబుతున్నాను. సాయమ్మ ఆ మాట అడిగిన రోజు అవ్వ లోపలే బీడీలు చేస్తోంది. ఆమె వెళ్లిపోయాక, తల ఎత్తకుండానే, "నువ్వు చేస్కోకు కొడుకా. ఇగ నేను అడుగ" అంది. దారం చుట్టి, బీడీ మూతి మడిచి, చాటలో పెట్టింది. బతికున్నన్నాళ్లూ మళ్లీ ఆ ఊసెత్తలేదు. చుట్టాలు అడిగితే "వానికి పుస్తకాలే పెండ్లాం" అని తనే నవ్వేసేది.

గంగారాం రెండేళ్లకోసారి వచ్చి పోతూ, పోతూ, చివరికి జుట్టు నెరిశాక పూర్తిగా వచ్చేశాడు. అప్పటికి బైండింగ్ దుకాణం నాదే. ఒకరోజు వచ్చి స్టూలు మీద కూర్చుని, పాస్‌పోర్టు అట్టలోంచి ఒక మడత కాగితం తీసి, నేను కుట్టు వేస్తున్న రిజిస్టరు మీద పెట్టాడు.

"గిది నీదే నర్సీ."

విప్పితే నా రాతే. "ఇన్నేండ్లు ఎందుకు దాసినవ్?"

"అచ్చయిందన్నవ్ గద. ఏడాదికోసారి తీసి చదివిన. ఈ ఏడు పోతదేమో, వచ్చే ఏడు పోతదేమోనని."

"పోయిందా?"

కిటికీలోంచి గుట్ట వైపు చూసి నవ్వాడు. "చాయ్ చెప్పు" అన్నాడు. ఒక చాయ్ చెప్పి రెండు గ్లాసుల్లో పోసుకున్నాం. ఇప్పటికీ అంతే, వారానికి రెండుసార్లు వస్తాడు, ఒక చాయ్, రెండు గ్లాసులు. దాన్ని ఏమంటారో వెతకడం నేను మానేశాను.

ఇదంతా వరుణ్‌కు చాయ్ నుంచి అన్నం దాకా చెప్పాను. అసలు పేర్లు చెప్పలేదు. వాడు మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు. "మీకు ఎవ్వరూ లేకుండె గద తాతా. మాకు ఫోన్ల వేలమంది ఉన్నరు. పేరు గూడ ఉంది, గే అంటరు. చట్టం గూడ ఇప్పుడు నేరం గాదంటది. అయినా గీ ఇంటికొచ్చేసరికి నేనొక్కన్నే అయిపోయిన." నాకు అసూయ లాంటిదేదో కలిగింది, వెంటనే పోయింది. పేరు దొరికింది, మనుషులు దొరికారు, చట్టం మారింది. పెండ్లయితే పోతుందన్న మాట మాత్రం వారపత్రికలోంచి నడుచుకుంటూ వచ్చి ఫోన్‌లో కూర్చుంది. దాన్ని నమ్మి బిడ్డను వెంటబెట్టుకొచ్చే తండ్రి కూడా అలాగే ఉన్నాడు. నేనిప్పుడు లైబ్రరీ సారు కుర్చీలో ఉన్నాను. ఆయనలా రెండు వాక్యాలు చెప్పి పత్రికలు సర్దుకోవచ్చు. వరుణ్‌కు చెప్పడం సులువు. చెప్పాల్సింది శేఖర్‌కు. వాడు రేపు మా అక్కకు చెబుతాడు, అక్క ఊరికి చెబుతుంది. నా అరవై ఏళ్ల పరువు ఈ ఊళ్లో నాకున్న ఒకే ఆస్తి.

నాలుగింటికి బండి ఆగింది. శేఖర్ లోపలికి వచ్చి కొడుకు ముఖం, నా ముఖం చూశాడు. నేను నిఘంటువు అట్టలోంచి కాగితం తీసి ఇచ్చాను. నిలబడే చదివాడు. చదువుతుంటే ముఖం విప్పారింది.

"గిదే మామా! నేను మొత్తుకునేది గిదే. ఎవరు రాసిన్రు?"

"నేనే."

"మరి వానికి చూపెట్టినవా?"

"చూపెట్టిన. ముప్పై అయిదేండ్ల కింద ఇంకొకనికి గూడ చూపెట్టిన. వాడు నమ్మి పెండ్లి చేస్కున్నడు. నేను వానికి తోడు పెండ్లికొడుకునై కూసున్న. ఏం పోలే శేఖర్. వాని భార్య బతుకు మాత్రం పోయింది."

"ఎవరు మామా గాయిన?"

"గాయిన పేరు గాయినే చెప్పాలె. నాది నేను చెప్త. నాకు పెండ్లెందుకు కాలేదని మీరంత అడిగిన్రు గద. వరుణ్ ఎట్లనో నేను గట్లనే."

శేఖర్ పీట మీద కూర్చున్నాడు. నా చేతులు చూశాడు, పుస్తకాల బీరువా చూశాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఇంటిని కొత్తగా చూస్తున్నట్టు.

"మా అమ్మకు ఎర్కనా?"

"లేదు. మా అవ్వకు ఎర్కుండె."

"ఊర్ల ఏమని చెప్పాలె మామా నేను?"

"ఊరికి తర్వాత చెప్పొచ్చు. భీమ్‌గల్ పిల్లకేం చెప్తవో గది మొదలు జెప్పు. రేపు ఆ పిల్ల ఎవరి గడపకొచ్చి అడగాలె?"

వాడు లేచి వాకిట్లోకి పోయాడు. ఫోన్‌లో మాట్లాడుతుంటే కిటికీలోంచి వినబడింది. "నమస్తే బావా... లేదు, పిల్లకు ఏం వంక లేదు, బంగారం అసొంటి పిల్ల... మావోడే చేస్కోనంటుండు... నెల గాదు బావా. ఆగకుర్రి మా కోసం. వేరే సూస్కోర్రి."

అంతకు మించి ఏమీ చెప్పలేదు. లోపలికీ రాలేదు. బండి మీద కూర్చుని, తాళం తిప్పకుండా, హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని ఉండిపోయాడు. వరుణ్ నా కాళ్లు మొక్కబోతే వద్దన్నాను. వాడు చెప్పులు వేసుకున్నట్టే బూట్లు వేసుకుని, లేసులు కట్టుకోకుండానే వాకిట్లోకి పోయి, బండికి కాస్త ఎడంగా నిలబడ్డాడు. శేఖర్ వెనక్కి తిరగలేదు.

"ఎక్కు" అన్నాడు. వాడు ఎక్కాక, "గట్టిగ పట్టుకో, రోడ్డు మంచిగ లేదు" అన్నాడు.

వరుణ్ చేతులు తండ్రి నడుము చుట్టూ పడడం చూశాను. బండి మలుపు తిరిగింది.

కాగితం పీట మీద ఉంది. ఈసారి పూర్తిగా విప్పాను. అంచుల మీది పసుపు ఎప్పుడో వెలిసిపోయింది. మడతల లోపల, వెలుతురు తగలని చోట మాత్రం గంగారాం వేళ్లు అంటిన రోజున ఎంత పచ్చగా ఉందో ఇప్పటికీ అంతే ఉంది. దాన్ని తీసుకుపోయి ప్రహరీగోడ మీద పరిచాను. ఎగిరిపోకుండా ఒక పసుపు కొమ్ము బరువు పెట్టాను. ఎండ ఇంకా ఉంది.